శాలిబండ క్లబ్బులో అమ్మాయిల వేళ

మా క్లబ్బు నడిపిన యాదగిరి అన్న పోయాడని నాకు ఫోన్ చేసి చెప్పింది అతని కూతురు స్వప్న. ఆ అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు. "ఆంటీ, మీరు శాలిబండ వసు గారేనా? బాపు ఫోన్ల గట్లనే పెట్టుకున్నడు మీ పేరు. బాపు పోయిండు ఆంటీ," అంది. ఏడ్చి ఏడ్చి అలసిపోయిన గొంతు. దశదిన కర్మ జహనుమాలో ఇంటి దగ్గరే చేస్తున్నామని, వీలైతే రమ్మని చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ పిలుపే చెవిలో ఉండిపోయింది. పెళ్ళయింది, ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను, మియాపూర్‌లో నా మనవరాలి స్నేహితులకు నేను ఫలానా ఫ్లాట్ అమ్మమ్మని. ఒక్క మనిషి ఫోన్లో మాత్రం ఇన్నేళ్ళూ శాలిబండ వసుగానే ఉండిపోయాను.

ఆదివారం మెట్రోలో బస్టాండు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి షేర్ ఆటో ఎక్కాను. జహనుమాకే వెళ్ళాలి కానీ శాలిబండ రాగానే నోరు దానంతట అదే "ఇక్కడ ఆపు బాబూ" అంది. దిగి మా గల్లీలోకి నడిచాను. రేకు డబ్బాలు చేసే దుకాణాల చప్పుడు అలాగే ఉంది. క్లబ్బు ఉన్న చోట ఇప్పుడు మూడంతస్తుల మేడ. కింద సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు, పైన జిమ్ము. మెట్ల దగ్గర నిలబడ్డ కుర్రాడొకడు, "ఎవరు గావాలె అమ్మా?" అని అడిగాడు. "ఎవరూ కాదు నాయనా, ఊరికే చూస్తున్నా," అన్నాను. పైనుంచి ఇనుప బరువులు నేలమీద పడుతున్న శబ్దం వినిపిస్తోంది. అందులో ఆడపిల్లల గొంతు ఏమైనా ఉందేమోనని కాసేపు విన్నాను. లేదు.

మేము ఆ గల్లీకి వచ్చేసరికి నాకు పన్నెండో పదమూడో ఏళ్ళు. నాన్నది తెనాలి దగ్గరి ఊరు. సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, హైదరాబాదుకు బదిలీ. పాత బస్తీలో అద్దెలు తక్కువని ఎవరో చెబితే, నా ఈడు పిల్ల మెహరున్నీసా వాళ్ళింట్లో పై వాటా తీసుకున్నాడు. కింద మెహరు వాళ్ళ నాయనమ్మ, అమ్మ, నాన్న. మధ్యలో గచ్చు చేసిన పెద్ద వాకిలి, దానికి ఒక మూల అందరికీ కలిపి ఒకటే నల్లా. ఆ ఇంటికి యజమాని నాయనమ్మే. గల్లీ అంతా ఆమెను దాదీమా అనేవాళ్ళు. తెల్లవారుజామున నమాజు చదువుకుని, తమలపాకుల డబ్బా ముందు పెట్టుకుని చెక్క తఖ్తు మీద కూర్చుందంటే వాకిట్లో ఎవరు వచ్చినా పోయినా ఆమె కంటపడి పోవాల్సిందే. పైన మా అమ్మ ఇంగువ పోపు వేస్తే కింద దాదీమా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. కింద వాళ్ళు మాంసంతో నిహారీ వండితే పైన మా అమ్మ కిటికీలు మూసేది. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ ఆ వాసనలకు అలవాటు పడ్డారు. ఒకరోజు పోపు వాసన రాలేదని దాదీమా మెహరును పైకి పంపి, మా అమ్మకు జ్వరమేమోనని కనుక్కోమంది. నిజంగానే అమ్మకు జ్వరం. అమ్మకు ఉర్దూ రాదు, దాదీమాకు తెలుగు రాదు. ఆ రోజు కింది నుంచి పల్చటి ఖిచ్డీ వచ్చింది, అమ్మ తిన్నది.

క్లబ్బు అని మేమంటున్నది మా ఒక్క గల్లీ క్లబ్బు కాదు. దేశమంతా శాఖలున్న యువజన సంఘం అది. హిందీలో దానికి చాలా పొడుగు పేరు, గల్లీలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. దాని కథ యాదగిరి అన్న చెప్పగా విన్నదే నాకు తెలుసు. స్వతంత్రం వచ్చిన కొత్తలో, చదువు అయిపోయిన కొందరు కుర్రాళ్ళు పల్లెలకు పోయి పగలు బావులు తవ్వి, బాటలు వేసి, పొద్దుగూకే వేళ ఆ ఊరి పిల్లలను పోగేసి ఆడించారట. వాళ్ళు వెళ్ళిపోయినా పిల్లలు సాయంత్రం కాగానే అక్కడే చేరుతుండేవాళ్ళట. ఆ చేరడమే పెరిగి పెరిగి సంఘమైంది. ఊరూరా శాఖలు, ఒక జెండా, చొక్కాకు పెట్టుకునే రేకు బిళ్ళ, ఢిల్లీ నుంచి నెలనెలా వచ్చే పత్రిక, ఏడాదికోసారి దేశం మొత్తం ఒకచోట కలిసే మేళా. ప్రతి సాయంత్రం ఆట మొదలుపెట్టే ముందు అన్ని శాఖల్లోనూ ఒకే ప్రమాణం చదువుతారని అన్న చెబుతుంటే, అస్సాంలోనో కేరళలోనో మాలాంటి పిల్లలు అదే మాట అంటూ ఉంటారని ఊహించుకుని నాకు ఒళ్ళు జలదరించేది. అన్న అప్పటికి పాతికేళ్ళవాడు. ప్రభుత్వ ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు చేసి, ఇంటికైనా పోకుండా సైకిల్ మీద నేరుగా వచ్చి క్లబ్బు తాళం తీసేవాడు. చేతులకు గ్రీజు వాసన వస్తూనే ఉండేది.

కానీ మొదట్లో అదంతా మాకు గోడ అవతలి సంగతి. క్లబ్బు అంటే మగపిల్లలది. వాళ్ళ క్యారమ్ స్ట్రైకర్ చప్పుళ్ళు, కేకలు మా వాకిట్లోకి వినిపించేవి. మెహరు, నేను కిటికీలోంచి చూసేవాళ్ళం, అంతే.

ఒక మధ్యాహ్నం యాదగిరి అన్న రొప్పుతూ మా వాకిట్లోకి వచ్చాడు. ఢిల్లీ నుంచి సంఘం పెద్ద ఒకామె శాఖలు చూడటానికి వచ్చిందట. అంతా చూసి, "అమ్మాయిలు ఏరీ?" అని అడిగిందట. ఏం చెప్పాలో తోచక, "వస్తరు మేడం, ఇంకా బడి నుంచి రాలే" అని చెప్పి పరుగెత్తుకొచ్చాడు. "మెహరూ, వసూ, జర గంటసేపు వచ్చి కూసోండ్రి. ఇంకెవరన్న ఉంటే పట్కరాండ్రి. నా ఇజ్జత్ మీ చేతుల ఉంది," అన్నాడు. మేము పక్క గల్లీలోంచి మేరీని, దర్జీ వాళ్ళ పిల్లలను, ఇంకా దొరికినవాళ్ళను దొరికినట్టు లాక్కుపోయాం. ఆ మేడం ఖద్దరు చీర కట్టుకున్న సన్నటి మనిషి. మాతో ప్రమాణం చదివించింది. సేవ చేస్తానని చెప్పే చోట హిందీలో మగవాళ్ళు అనే 'కరూంగా' ఉంది. మెహరు ఒక్కక్షణం ఆగి, గట్టిగా, ఆడవాళ్ళు అనే 'కరూంగీ' అంది. మిగతావాళ్ళం అందుకున్నాం. వెనక మగపిల్లలు కిసుక్కున నవ్వారు. మేడం మాత్రం నవ్వలేదు. తన చీర కొంగుకున్న రేకు బిళ్ళ తీసి మెహరు దుపట్టాకు పెట్టింది.

మర్నాడు సాయంత్రం మేము మళ్ళీ వెళ్ళాం. ఎవరూ పిలవలేదు. మగపిల్లల్లో పెద్దవాడొకడు గుమ్మానికి చేతులు అడ్డంపెట్టి, "అయిపోయింది గదా, మేడం పోయింది. ఇగ మీరేంది?" అన్నాడు. మెహరు కదల్లేదు. గొడవ విని లోపలి నుంచి అన్న వచ్చాడు. ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. చాలా ఇబ్బందిలో పడ్డ మొహం. ఆ పిల్లలు పోతే క్లబ్బుకు ఆటగాళ్ళు లేరు, మేము పోతే ఆయనను అడిగేవాళ్ళు లేరు. "వీళ్ళను పిల్సింది నేను. నేనే పిల్సి నేనే ఎల్లగొడితే మనిషినెట్లయిత? జరుగు," అన్నాడు. ఆ పిల్లలు జరిగారు. జరిగి, నెమ్మదిగా చాలామంది రావడమే మానేశారు. గల్లీలో లొల్లి మొదలైంది.

మా ఇంట్లో గొడవ వేరే రకంది. నాన్నకు క్లబ్బు అన్న మాటే పడదు. వాళ్ళ ఊళ్ళో క్లబ్బంటే మగాళ్ళు చేరి పేకాడే చోటు. మా పెదనాన్న ఆ క్లబ్బులోనే ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, రేడియో వార్తలు పెట్టుకోవడం నాన్న అలవాటు. ఆ రోజు రేడియో పెట్టలేదు. "ఆడపిల్ల క్లబ్బుకెళ్ళడమేమిటే? మన ఇంటా వంటా ఉందా? రేపట్నుంచి గడప దాటావంటే ఊరుకోను," అన్నాడు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "అది క్యారమ్సు ఆడుతుందటండీ, పేక కాదు," అంది. "ముందు క్యారమ్సే, తర్వాతే పేక," అన్నాడు నాన్న. కింద మెహరు వాళ్ళ నాన్న కూడా దాదాపు ఇదే మాట ఉర్దూలో అంటున్నాడు. రెండు భాషల్లో ఇద్దరు తండ్రులు ఒకేసారి తిట్టడం వాకిట్లో తఖ్తు మీద కూర్చున్న దాదీమా వింది.

మర్నాడు అసర్ నమాజు కాగానే, అంటే ఎండ వాలగానే, దాదీమా బురఖా వేసుకుని చేతికర్ర తీసుకుని క్లబ్బుకు బయల్దేరింది. ఆమె గల్లీ దాటి ఎటైనా నడవడం చూసి ఎన్నేళ్ళయిందో. మేమిద్దరం వెనకాలే నడిచాం. లోపలికి పోయి నాలుగు గోడలూ చూసింది, పైకప్పు చూసింది, తాగే నీళ్ళ కుండ మూత తీసి చూసింది. "క్యా సిఖాతే యాఁ?" అని అడిగింది అన్నను. ఇక్కడ ఏం నేర్పుతావని. "ఖేల్ సిఖాతే దాదీమా. దెబ్బ లగే తో పట్టీ బాంధ్‌నా సిఖాతే," అన్నాడు. ఆట నేర్పుతాం, దెబ్బ తగిలితే కట్టు కట్టడం నేర్పుతాం అని ఆయన ఉద్దేశం. ఆమె వెంటనే బురఖాలోంచి చెయ్యి బయటపెట్టింది. వారం కింద కత్తిపీటకు తెగిన వేలు. "అయితే కట్టు," అంది ఉర్దూలో. అన్న మేరీ వైపు చూశాడు. ముందురోజే నేర్చుకున్న మేరీ, పాత గుడ్డ విప్పి, కడిగి, కొత్తది కట్టింది. దాదీమా వేలు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని, తమలపాకుల డబ్బా తెమ్మని మెహరును ఇంటికి పంపింది.

అలా మొదలైంది అమ్మాయిల వేళ. అసర్ తర్వాత దాదీమా వచ్చి కూర్చునేది, పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడగానే లేచేది. ఆ రెంటి మధ్య క్లబ్బు మాది. దాదీమా ఉందంటే ఇక ఏ ఇంట్లోనూ అడ్డు చెప్పే నోరు లేదు. మా నాన్న సహా. "ఆవిడే కూర్చుంటుందటగా," అని ఒకరోజు గొణిగి, మళ్ళీ రేడియో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని ఇళ్ళ పిల్లలు వచ్చారో. ఖోఖో ఆడాం, కట్లు కట్టాం, కుట్టు నేర్చుకున్నాం, గల్లీలో చిన్నపిల్లలకు చదువు చెప్పాం. ఒకరి భాష ఒకరికి వచ్చేసింది. అమ్మతో తెనాలి తెలుగు, మేరీతో తెలంగాణ తెలుగు, మెహరుతో ఉర్దూ. "నీ నాలుక ఎక్కడుందో నీకైనా తెలుసా?" అనేది అమ్మ. ఖోఖోలో ఎవరైనా మోసం చేస్తే దాదీమా కర్రతో నేలమీద కొట్టేది. ఆట నియమాలు ఆమెకు ఎవరూ చెప్పలేదు, చూసి చూసి పట్టేసింది. మగపిల్లలు కూడా ఒక్కొక్కరే తిరిగొచ్చారు, మగ్రిబ్ తర్వాత వేళ వాళ్ళది. దారిలో ఎదురైతే పక్కకు జరిగి దారిచ్చేవాళ్ళు.

దేశం మేళాకు మా ఖోఖో జట్టు పోవాల్సి వచ్చినప్పుడు అసలు పరీక్ష వచ్చింది. నాగపూర్ దగ్గర. రైలు ప్రయాణం, గుడారాల్లో బస. నాన్న ససేమిరా అన్నాడు. మెహరు వాళ్ళ నాన్న అసలు మాటే వినలేదు. యాదగిరి అన్న వచ్చి వాకిట్లో నిలబడ్డాడు కానీ ఏం అడగాలో ఆయనకే తెలియలేదు. దాదీమా కాసేపు తమలపాకు నమిలి, "నేను పోతున్నా. పిల్లలు నాతో వస్తారు," అంది ఉర్దూలో. అంతే. నాన్నకు నేను ఆ మాట తెలుగులో చెప్పాను. ఆయన కిందికి చూశాడు, ఆమె పైకి చూసింది. రాత్రి అమ్మ నా సంచిలో పులిహోర పొట్లాలు సర్దింది, దాదీమాకు వేరే పొట్లం కట్టింది, ఇంగువ లేకుండా.

మేళా మైదానం చూసి మెహరు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కనుచూపు మేర జెండాలు, పిల్లలు, అన్ని రకాల చీరకట్లు, జడలు, భాషలు. పొద్దున అందరూ కలిసి ప్రమాణం చదువుతుంటే, సేవ చేసే మాట దగ్గరికి వచ్చేసరికి అమ్మాయిల గొంతులు వేలకొద్దీ 'కరూంగీ' అన్నాయి. ఆ మాట మా మెహరు ఒక్కతే కనిపెట్టిందనుకున్నాం మేము. దేశంలో ప్రతి చోటా ఎవరో ఒక పిల్ల కనిపెట్టే ఉందన్నమాట. ఖోఖోలో మొదటి ఆటకే ఓడిపోయాం. మహారాష్ట్ర పిల్లలు గాలిలా పరుగెత్తారు. మెహరు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. దాదీమా ఏడవలేదు. ఆమె కేరళ నుంచి పిల్లలతో వచ్చిన ఒక ముసలామెతో ఒక చెట్టు నీడన కూర్చుని, ఆకూ వక్కా పంచుకుంటోంది. ఒకరి మాట ఒకరికి ఒక్కటీ తెలియదు. రెండు రోజులూ ఇద్దరూ విడిపోలేదు. వెళ్ళేటప్పుడు ఒకరినొకరు కావలించుకున్నారు. తిరిగొచ్చాక దాదీమా గల్లీకంతా ఆ ముసలామె కుటుంబం కథ చెప్పింది, ఎంతమంది పిల్లలో, ఏ కోడలు మంచిదో. ఎలా తెలిసిందని అడిగితే, "ఆడవాళ్ళకు చెప్పుకోవడం రాకపోతే ఇంకెవరికొస్తుంది?" అంది.

తర్వాత అన్నీ ఒక్కొక్కటే జారిపోయాయి. నాన్న నది అవతల కొత్త కాలనీలో స్థలం కొన్నాడు, మేము వెళ్ళిపోయాం. దాదీమా పోయింది. మెహరు అదే గల్లీలో పెళ్ళి చేసుకుని, బడిపంతులమ్మ అయింది. ఢిల్లీలో సంఘం రెండు ముక్కలైందట, ఎవరి ముక్క అసలుదో తేలేలోపల సర్కారు సాయం ఆగిపోయింది. పత్రిక రావడం మానేసింది, మేళా జరగడం మానేసింది. బస్తీలో గొడవలప్పుడు కర్ఫ్యూలు పెట్టినప్పుడల్లా క్లబ్బు మూతపడేది, తెరిచినప్పుడల్లా పిల్లలు తగ్గేవాళ్ళు. అయినా యాదగిరి అన్న రోజూ వచ్చి తాళం తీసి కూర్చునేవాడని మెహరు చెప్పేది. చివరికి క్లబ్బు గది ఇంటివాళ్ళు ఇల్లు అమ్ముకున్నారు. అన్న జెండా మడిచి ఇంటికి పట్టుకుపోయాడట. దేశమంతా ఎన్ని వేల గదులు అలా మూతపడ్డాయో, ఎవరు చెప్పగలరు.

నా మనవరాలికి ఇప్పుడు స్కేటింగు క్లాసుంది, డ్రాయింగు క్లాసుంది, ఈత ఉంది. దించడానికి ఒకరు, తీసుకురావడానికి ఒకరు. ఎవరూ వద్దనరు, వెళ్ళమని బతిమాలతారు. బాగానే ఉంది, మాకు లేనివన్నీ దానికున్నాయి. కానీ ఏ క్లాసులోనూ తనతో ఎవరున్నారని అడిగితే దానికి పేర్లు తెలియవు. మాకు గది తప్ప ఇంకేమీ లేదు, అందుకే ఒకరినొకరం అంటిపెట్టుకున్నామేమో. లేదా ముసలితనంలో అందరూ ఇలాగే అనుకుంటారేమో. రెండూ నిజమే కావచ్చు.

జహనుమా ఇంటికి చేరేసరికి షామియానా కింద కుర్చీలన్నీ ఆడవాళ్ళతో నిండి ఉన్నాయి. మేరీ, దర్జీ వాళ్ళ పిల్లలు, మా తర్వాత వచ్చిన వాళ్ళు, వాళ్ళ తర్వాత వాళ్ళు. తెల్లజుట్లు, మోకాళ్ళ నొప్పులు. మెహరు నన్ను చూసి పక్క కుర్చీ లాగింది. స్వప్న మంచినీళ్ళు ఇస్తూ, "మీరందరు ఎవరు ఆంటీ? మా చుట్టాలల్ల ఎవరికీ ఎర్కలేదు," అని మెల్లగా అడిగింది. క్లబ్బు పిల్లలం అని చెప్పింది మెహరు.

భోజనాలయ్యాక మెహరు, మేరీ, నేను లోపలికి వెళ్ళి అన్న భార్య సత్తెమ్మ వదిన దగ్గర కూర్చున్నాం. వదిన సన్నగా, నిటారుగా గోడకానుకుని ఉంది. మెహరు అన్న గురించి చెప్పడం మొదలుపెట్టింది. గుమ్మంలో అడ్డం నిలబడ్డ పిల్లలను జరగమన్న సంగతి చెప్పింది. ఆ రోజు ఆయన అలా అనకపోతే మా బతుకులు ఇంకోలా ఉండేవని చెప్పింది. వదిన అంతా వింది. తర్వాత మామూలుగా, కూరలో ఉప్పు గురించి చెప్పినట్టు చెప్పింది.

"అప్పటికి మా లగ్గమై ఏడాదన్న గాలే. నాకు పద్దెనిమిదేండ్లు. రోజు సాయంత్రం పోతుండె. గల్లీల ఉన్న ఆడివిల్లలందరిని పిల్సుకున్నడు. మంచిగనే చేసిండు. నన్ను ఒక్కనాడు రమ్మనలే."

మేరీ తల దించుకుంది. అన్నకు మా ఇళ్ళన్నీ తెలుసు, ఏ ఇంట్లో ఏ తండ్రి అడ్డం పడతాడో తెలుసు. తన ఇంటి గడప మాత్రం ఆయనకు కనిపించలేదు. మాకూ కనిపించలేదు. అన్నకు పెళ్ళయిందని తెలుసు, వదిన ఎక్కడని మాలో ఒక్కరమైనా ఎప్పుడూ అడగలేదు.

"కోపం గాదు," అంది వదిన, మా మొహాలు చూసి. "అడుగుదామని గూడ అనుకున్న. ఇంటికొచ్చేటాల్లకు అలిసిపోయి పండుకుంటుండె. నాకు ఎర్క గావాలనుండె, గంతే. లోపట ఏం చేస్తుండె మీరు? ఏం ఆడుతుండె?"

మెహరు కుర్చీలోంచి లేచి కింద, వదిన పక్కన చాపమీద కూర్చుంది. మేరీ, నేనూ దిగాం. బయట షామియానా విప్పుతున్న చప్పుడు. స్వప్న గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఖోఖోలో ఎలా కూర్చుంటారో మెహరు చేతులతో చూపించడం మొదలుపెట్టింది, ఒకరు ఇటు, ఒకరు అటు. "గట్ల అటు ఇటు కూసుంటె ఎట్ల లేస్తరు?" అని అడిగింది వదిన, ముందుకు వంగి.